పేర్ల దస్త్రం, కొత్త కరణాలు

వెబ్‌సైటు పెట్టాలనుకున్న ఎవరికైనా మొదట ఎదురయ్యే ప్రశ్న, "డొమైన్ ఎవరి దగ్గర కొనాలి?" అని. దీనికి దొరికే జవాబులన్నీ దాదాపు ధరల పట్టికలే. మొదటి ఏడాదికి ఎవరు తక్కువకి ఇస్తున్నారు, ఏ కూపన్ కొడితే ఎంత తగ్గుతుంది, హోస్టింగ్ తీసుకుంటే డొమైన్ ఎవరు ఫ్రీగా ఇస్తారు, ఇలా. చొక్కా కొనుక్కోడానికైతే ఈ పద్ధతి సరిపోతుంది. డొమైన్‌కి సరిపోదు, ఎందుకంటే డొమైన్‌ని మనం నిజానికి కొనం. ఏడాదికింత అని కట్టి, ఒక దస్త్రంలో మన పేరు మీద ఒక వరస రాయించుకుంటాం. కట్టడం ఆపేస్తే కొన్నాళ్ళకి ఆ వరసలో ఇంకొకరి పేరు పడుతుంది.

ఆ దస్త్రంలో మన తరఫున రాసే కంపెనీని రిజిస్ట్రార్ అంటారు. మనకి తెలిసిన మాటలో చెప్పాలంటే కరణం. తెలంగాణలో అయితే పట్వారీ. ఊళ్ళో భూములు కరణానివి కావు. కానీ ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో రాసే కలం ఆయనది. పొలం దున్నుకునేది మీరే అయినా, దస్త్రంలో పేరు మారిపోతే కోర్టుల చుట్టూ తిరగాల్సింది కూడా మీరే. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌లో ఈ కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. అదే ఏడాది అక్టోబరులో అమెరికాలో, ఇంటర్నెట్ పేర్ల దస్త్రం ఎలా ఉండాలో, ప్రతి డొమైన్‌కీ బాధ్యుడైన మనిషి ఒకరు ఎందుకు ఉండాలో చెప్పే పత్రం ఒకటి బయటికొచ్చింది. ఈ రెండు సంగతులకీ ఏ సంబంధమూ లేదు. ఒకచోట పాత కరణాలు పోతున్నప్పుడు ఇంకోచోట కొత్త కరణాలు పుడుతున్నారు, అంతే.

ఈ కొత్త కరణాల చరిత్ర కొంచెం తెలిస్తే, "ఎవరి దగ్గర కొనాలి" అనే ప్రశ్నని ఇంకోలా అడగడం వస్తుంది.

ఫోన్ చేస్తే రాసుకునే రోజులు

ఇంటర్నెట్‌కి ముందున్న ఆర్పానెట్‌లో కంప్యూటర్లు వందల్లోనే ఉండేవి. ప్రతి కంప్యూటర్‌కీ ఒక నంబరు, దానికొక పేరు. ఏ పేరు ఏ నంబరుదో చెప్పే పట్టిక మొత్తం ఒకే ఒక్క టెక్స్ట్ ఫైలు. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో నెట్‌వర్క్ ఇన్ఫర్మేషన్ సెంటర్ అని ఒక చిన్న విభాగం ఆ ఫైలుని చూసుకునేది. ఆ విభాగానికి పెద్ద ఎలిజబెత్ ఫైన్లర్. అందరూ జేక్ అని పిలిచేవాళ్ళు. బయోకెమిస్ట్రీ చదువుకుని సమాచార సేకరణ పనిలోకి వచ్చిన మనిషి. 1970ల మొదటి నుంచి 1989 దాకా ఆ పని నడిపింది ఆవిడే.

మీ విశ్వవిద్యాలయంలో కొత్త కంప్యూటర్ పెట్టారనుకోండి. ఆ ఆఫీసుకి ఫోన్ చేసో, మెయిల్ రాసో పేరు చెప్తారు. ఆ పేరు అప్పటికే ఎవరికైనా ఉందేమో చూసి, లేకపోతే ఫైల్లో ఒక వరస చేరుస్తారు. మిగతా కంప్యూటర్లన్నీ ఎప్పటికప్పుడు ఆ ఫైలు తెచ్చుకుంటాయి. డబ్బు ప్రసక్తి లేదు. రిజిస్ట్రార్ అనే మాట కూడా అవసరం లేదు. ఏదైనా తేడా వస్తే ఎవరిని అడగాలో అందరికీ తెలుసు.

కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఒక్క ఫైలుతో పని నడవలేదు. 1983లో పాల్ మొకపెట్రిస్ దీనికొక కొత్త పద్ధతి రూపొందించాడు. దాని పేరు డొమైన్ నేమ్ సిస్టమ్, పొట్టిగా డీఎన్‌ఎస్. పట్టిక మొత్తం ఒకచోట ఉంచకుండా చెట్టులాగా కొమ్మలుగా విడగొట్టి, ఒక్కో కొమ్మని ఒక్కొక్కరికి అప్పగించడం దాని సారాంశం. మొదలు దగ్గర రూట్, దాని కింద డాట్ కామ్, డాట్ ఈడీయూ లాంటివి, వాటి కింద మన పేర్లు. ఇవాళ మీరు ఫోన్‌లో ఏ సైటు తెరిచినా తెర వెనక నడిచేది ఈ పద్ధతే. 1985 మార్చి 15న మాసాచుసెట్స్‌లోని సింబాలిక్స్ అనే కంప్యూటర్ కంపెనీ తన పేరు నమోదు చేయించుకుంది. మొట్టమొదటి డాట్ కామ్ పేరు అదే. దానికి వాళ్ళు పైసా కట్టలేదు.

పద్ధతి మారింది కానీ కలం ఇంకా ఒక్క ఆఫీసు చేతిలోనే ఉంది. నమ్మకం కూడా ఆ మనుషుల మీదే.

ఒకే ఒక్క దుకాణం

1993 నుంచి ఈ పని అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఒప్పందం కింద నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే వర్జీనియా కంపెనీ చేతికొచ్చింది. ఖర్చు ప్రభుత్వానిది, పేర్లు ఉచితం, ముందొచ్చిన వాళ్ళకి ముందు. సరిగ్గా అప్పుడే వెబ్ వచ్చిపడింది. 1994లో జాషువా క్విట్నర్ అనే పాత్రికేయుడు, పెద్ద కంపెనీలకి ఇంకా ఈ పేర్ల విలువ తెలియలేదని చూపించడానికి మెక్‌డొనాల్డ్స్ డాట్ కామ్‌ని తన పేరు మీద రాయించుకుని ఆ సంగతి పత్రికలో రాశాడు. చివరికి ఒక బడికి ఇంటర్నెట్ సౌకర్యం కోసం మెక్‌డొనాల్డ్స్ డబ్బిస్తే పేరు వదిలేశాడు.

1995 మార్చిలో నెట్‌వర్క్ సొల్యూషన్స్‌ని ఎస్‌ఏఐసీ అనే రక్షణ రంగ కాంట్రాక్టర్ 47 లక్షల డాలర్లకి కొన్నది. అదే ఏడాది సెప్టెంబరు నుంచి పేర్లకి రుసుము మొదలైంది. రెండేళ్ళకి 100 డాలర్లు, ఆ తర్వాత ఏడాదికి 50. ఇష్టం లేకపోతే ఇంకో దుకాణానికి వెళ్దామంటే ఇంకో దుకాణం లేదు.

ఇక్కడొక కేసు చెప్పుకోవాలి. పేరు కొంచెం ఇబ్బందికరమైనదే కానీ డొమైన్ చరిత్రలో దీన్ని దాటుకుని పోలేం. గ్యారీ క్రెమెన్ అనే ఆయన 1994లో సెక్స్ డాట్ కామ్ అనే పేరు రాయించుకున్నాడు. 1995 అక్టోబరులో స్టీఫెన్ కోహెన్ అనే మోసగాడు నెట్‌వర్క్ సొల్యూషన్స్‌కి ఒక ఉత్తరం పంపాడు. అది క్రెమెన్ కంపెనీ రాసినట్టే ఉంది. క్రెమెన్‌ని మేం ఉద్యోగంలోంచి తీసేశాం, ఈ పేరు కోహెన్‌కి ఇవ్వడానికి ఒప్పుకుంటున్నాం అని దాని సారాంశం. నెట్‌వర్క్ సొల్యూషన్స్ వాళ్ళు క్రెమెన్‌కి ఒక్క ఫోన్ కూడా చేయకుండా దస్త్రంలో పేరు మార్చేశారు. కోహెన్ ఆ పేరు మీద బోలెడంత సంపాదించాడు.

క్రెమెన్ కోర్టుకి వెళ్ళాడు. 2000లో పేరు తిరిగొచ్చింది, 2001లో కోహెన్ 6.5 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పొచ్చింది. కోహెన్ దేశం దాటి పారిపోయాడు. అప్పుడు మిగిలిన ప్రశ్న: దస్త్రం మార్చిన కరణం సంగతేమిటి? కింది కోర్టు కంపెనీకి బాధ్యత లేదంది. 2003లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని తిరగరాసింది. ఆ తీర్పులో రెండు సంగతులున్నాయి. ఒకటి, క్రెమెన్ ఆ పేరుకి డబ్బేమీ కట్టలేదు కాబట్టి ఆయనకీ కంపెనీకీ మధ్య ఒప్పందమే లేదు, ఒప్పందం తప్పారనడానికి వీల్లేదు. రెండు, అయినాసరే డొమైన్ పేరు ఆస్తే, ఇంకొకరి ఆస్తిని వేరేవాడి చేతిలో పెట్టినందుకు కంపెనీ జవాబు చెప్పాల్సిందే. తర్వాత ఇరుపక్షాలూ రాజీపడ్డాయి.

ఇప్పుడు మనం ఏ డొమైన్ తీసుకున్నా చదవకుండా టిక్కు పెట్టే ఆ పొడుగాటి ఒప్పందం ఉంది చూడండి, దాని విలువ ఇక్కడ అర్థమవుతుంది. దస్త్రంలో పేరు మారిపోతే కంపెనీ ఏం చెయ్యాలి, ఎంతవరకు బాధ్యత వహించాలి అనేది ఉండేది అందులోనే.

ఒక కరణం పోయి వందల కరణాలు

1998 నాటికి ఒకే కంపెనీ గుత్తాధిపత్యం మీద విమర్శలు బాగా పెరిగాయి. అమెరికా ప్రభుత్వం ఈ పనిని వదిలించుకోవాలనుకుంది. ఆ ఏడాది సెప్టెంబరు 30న ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ కాలిఫోర్నియాలో నమోదైంది. మొదటి నుంచి ఈ పేర్ల, నంబర్ల వ్యవస్థని కనిపెట్టుకుని ఉన్న జాన్ పోస్టెల్ అప్పటికి రెండు వారాలు దాటగానే, అక్టోబరు 16న చనిపోయాడు. ఒక మనిషి మీద నమ్మకంతో నడిచిన కాలం ఆయనతో ముగిసిందని చాలామంది అంటారు.

ఐకాన్ చేసిన ముఖ్యమైన పని దస్త్రాన్నీ కలాన్నీ విడదీయడం. డాట్ కామ్ అసలు దస్త్రం ఒకే చోట ఉంటుంది. దాన్ని ఉంచుకునేది రిజిస్ట్రీ. జనం దగ్గర దరఖాస్తు తీసుకుని అందులో రాయించేది రిజిస్ట్రార్. రిజిస్ట్రీ ఒకటే, రిజిస్ట్రార్లు ఎంతమందైనా ఉండొచ్చు. 1999 ఏప్రిల్‌లో ప్రయోగాత్మకంగా ఐదు సంస్థలకి అవకాశమిచ్చారు: అమెరికా ఆన్‌లైన్, కోర్, ఫ్రాన్స్ టెలికామ్, మెల్బోర్న్ ఐటీ, రిజిస్టర్ డాట్ కామ్. ఆ జూన్‌లో రిజిస్టర్ డాట్ కామ్ అమ్మకం మొదలుపెట్టింది. "ఏ కంపెనీ దగ్గర తీసుకోవాలి" అనే ప్రశ్న పుట్టింది అప్పుడే.

రిజిస్ట్రార్లు రిజిస్ట్రీకి కట్టే టోకు ధర మొదట్లో పేరుకి ఏడాదికి 9 డాలర్లు, తర్వాత 6 డాలర్లు. చిల్లర ధరలు గబగబా దిగొచ్చాయి. బాబ్ పార్సన్స్ స్థాపించిన గోడాడీ లాంటి కంపెనీలు ఈ గాలిలోనే ఎదిగాయి.

అసలు డబ్బు ఎక్కడుందో చెప్పే లెక్క ఒకటుంది. 2000లో వెరిసైన్ కంపెనీ నెట్‌వర్క్ సొల్యూషన్స్‌ని 2,100 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి కొన్నది. డాట్ కామ్ బుడగ పేలాక, 2003లో జనానికి పేర్లమ్మే విభాగాన్ని సుమారు 10 కోట్ల డాలర్లకి అమ్మేసింది. దస్త్రం ఉంచుకునే విభాగాన్ని మాత్రం వదల్లేదు. ఇప్పటికీ డాట్ కామ్ రిజిస్ట్రీ వెరిసైన్‌దే. 2024 సెప్టెంబరులో టోకు ధర పేరుకి 10.26 డాలర్లకి చేరింది.

ఇది తెలిశాక "మొదటి ఏడాది 99 రూపాయలే" అనే ప్రకటన వేరేగా కనబడుతుంది. పది డాలర్లు పైకి కట్టాల్సిన సరుకుని ఒక డాలరుకి అమ్మేవాడు ధర్మం చేయట్లేదు. రెండో ఏడాది రెన్యువల్‌లోనో, హోస్టింగ్‌లోనో, ఈమెయిల్ ప్యాకేజీలోనో దాన్ని రాబట్టుకుంటాడు. 2018లో క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ టోకు ధరకే పేర్లిస్తామని ప్రకటించింది. అక్కడ తీసుకున్న పేరుకి వాళ్ళ డీఎన్‌ఎస్ సర్వర్లే వాడాలి. మనం వాళ్ళ మిగతా సేవల్లోకి వస్తామనేది వాళ్ళ లెక్క. ఇందులో మోసమేమీ లేదు. ఏ కరణం ఎక్కడ వసూలు చేసుకుంటున్నాడో తెలుసుకుని వెళ్ళడం మన పని.

కరణం తప్పు చేస్తే, కరణమే పోతే

పోటీ ధరల్ని తగ్గించింది కానీ మనిషిని దూరం చేసింది. రిజిస్ట్రార్ కింద రీసెల్లర్, రీసెల్లర్ కింద వెబ్ డిజైనర్, వాళ్ళ కింద మనం. ఈ వరసలో ఎక్కడ తప్పు జరిగినా మన పేరే పోతుంది.

2005 జనవరిలో న్యూయార్క్‌లోని పాత ఇంటర్నెట్ కంపెనీల్లో ఒకటైన పానిక్స్ తన పేరు పోగొట్టుకుంది. ఎవరో మెల్బోర్న్ ఐటీకి చెందిన ఒక రీసెల్లర్ ద్వారా ఆ పేరుని బదిలీ చేయించేసుకున్నారు. అసలు యజమానిని అడిగి నిర్ధారించుకోవాల్సిన మెట్టు అక్కడ జరగలేదు. అది వారాంతం, మెల్బోర్న్‌లో ఆఫీసు మూసి ఉంది. పానిక్స్ ఖాతాదార్ల మెయిళ్ళన్నీ రెండు రోజుల పాటు ఎటో పోయాయి. సోమవారం ఆస్ట్రేలియాలో తెల్లారాక గానీ పేరు వెనక్కి రాలేదు.

2007లో రిజిస్టర్‌ఫ్లై అనే చవక రిజిస్ట్రార్ లోపలి గొడవల్లో కూలిపోయింది. జనం డబ్బు కట్టినా పేర్లు రెన్యూ కాలేదు, వేరేచోటికి మార్చుకుందామంటే బదిలీ కోడ్ ఇచ్చే దిక్కు లేదు. ఐకాన్ దాని గుర్తింపు రద్దు చేసి, ఆ లక్షల పేర్లని గోడాడీకి మార్పించింది. రిజిస్ట్రార్లు తమ ఖాతాదార్ల వివరాల నకలుని మూడో సంస్థ దగ్గర దాచాలనే నిబంధన గట్టిగా అమల్లోకొచ్చింది ఈ దెబ్బ తర్వాతే.

2008 జనవరిలో నెట్‌వర్క్ సొల్యూషన్స్ ఇంకో పని చేసింది. వాళ్ళ సైటులో మీరు ఏదైనా పేరు ఖాళీగా ఉందా అని వెతికితే చాలు, దాన్ని నాలుగు రోజుల పాటు తమ పేరు మీద పట్టి ఉంచేది. ఇంకో కంపెనీలో చవగ్గా తీసుకుందామంటే దొరకదు. నమోదు చేసిన ఐదు రోజుల్లోపు రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే సౌకర్యం అప్పట్లో రిజిస్ట్రార్లకి ఉండేది. దాన్నే ఇలా వాడుకున్నారు. గొడవయ్యాక ఐకాన్ ఆ సౌకర్యానికి రుసుము పెట్టి కట్టడి చేసింది.

2011 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్‌లో ఉన్న సోపా బిల్లుని గోడాడీ సమర్థించింది. పైరసీ పేరుతో సైట్లని మూయించే అధికారమిచ్చే బిల్లు అది. కోపమొచ్చిన ఖాతాదార్లు తమ పేర్లు వేరే కంపెనీలకి మార్చుకోవడం మొదలుపెట్టారు. గోడాడీ మద్దతు వెనక్కి తీసుకుంది. అయినా వికీపీడియా తర్వాత తన పేర్లని అక్కణ్ణించి తీసేసింది. కరణం నచ్చకపోతే మార్చుకోగలగడం పోటీ వల్ల వచ్చిన నిజమైన లాభం. ఒక్క దుకాణం ఉన్న రోజుల్లో ఇది ఊహకందని పని.

2013 ఆగస్టులో సిరియన్ ఎలక్ట్రానిక్ ఆర్మీ అనే హ్యాకర్ల గుంపు మళ్ళీ మెల్బోర్న్ ఐటీ రీసెల్లర్ ఒకరి ఖాతాలోకి దూరింది. న్యూయార్క్ టైమ్స్ సైటు గంటల తరబడి కనబడలేదు. ట్విట్టర్ ప్రధాన పేరు మీద కూడా ప్రయత్నం జరిగింది కానీ దానికి రిజిస్ట్రీ దగ్గరే వేయించుకున్న అదనపు తాళం ఉండటంతో బతికిపోయింది. న్యూయార్క్ టైమ్స్ సర్వర్లని ఎవరూ పగలగొట్టలేదు. దస్త్రంలో నంబరు మారింది, అంతే.

పెద్ద కంపెనీ అయితే భద్రం అనుకునేవాళ్ళకి 2023 ఒక పాఠం. ఆ జూన్‌లో గూగుల్ తన డొమైన్ వ్యాపారాన్ని, అందులోని కోటి దాకా పేర్లతో సహా, స్క్వేర్‌స్పేస్‌కి అమ్ముతున్నట్టు ప్రకటించింది. గూగుల్‌ని చూసి అక్కడ పేరు పెట్టుకున్నవాళ్ళు తాము ఎంచుకోని ఇంకో కంపెనీకి ఖాతాదార్లయిపోయారు.

మన దగ్గర

మన దేశపు డాట్ ఇన్ చాలాకాలం కఠినమైన నిబంధనల మధ్య ఉండేది. 2005లో నిక్సీ సంస్థ ఆధ్వర్యంలో దాన్ని అందరికీ తెరిచారు. తెలుగు లిపిలోని డాట్ భారత్ కూడా నిక్సీదే. ముంబైలో తురఖియా సోదరులు 1998లో మొదలుపెట్టిన డైరెక్టి, రీసెల్లర్ల ద్వారా పేర్లమ్మే వ్యాపారంలో ప్రపంచస్థాయికి ఎదిగింది. ఆ వ్యాపారాన్ని 2014లో ఎండ్యూరెన్స్ అనే అమెరికన్ కంపెనీ తీసుకుంది.

డొమైన్ల విషయంలో భారతీయ చట్టం ఏమంటుందో తేలింది మాత్రం ఒక హైదరాబాదు పేరుతో ముడిపడిన కేసులో. సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే. 1999 నవంబరులో ఇండియావరల్డ్ అనే సంస్థని, సమాచార్, ఖోజ్, బావర్చి లాంటి సైట్లతో సహా, 499 కోట్ల రూపాయలకి కొంటున్నామని ప్రకటించి దేశాన్ని నివ్వెరపరిచింది వీళ్ళే. సత్యం, ఇన్ఫోవే కలిపి సిఫీ అని పేరు పెట్టుకుని, 1999లోనే సిఫీనెట్ లాంటి డొమైన్లు రాయించుకున్నారు. 2001లో ఇంకో కంపెనీ ఒక ఎఫ్ ఎక్కువ చేర్చి సిఫ్ఫీనెట్ అని రాయించుకుంది. అదేమంటే, మా ఐదుగురు ప్రమోటర్ల పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే వచ్చింది అన్నారు. రిజిస్ట్రార్‌కి ఇందులో అభ్యంతరం కనబడదు. కంప్యూటర్‌కి ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే పేరే. బెంగళూరు సివిల్ కోర్టు సిఫీ పక్షాన, కర్ణాటక హైకోర్టు అవతలి పక్షాన తీర్పిచ్చాయి. 2004 మే 6న సుప్రీంకోర్టు సిఫీ పక్షాన నిలబడింది. డొమైన్ పేరు చిరునామా మాత్రమే కాదు, వ్యాపారపు గుర్తింపు కూడా, దానికి ట్రేడ్‌మార్క్‌కి ఉన్నట్టే రక్షణ ఉంటుంది అని చెప్పింది. అంటే దస్త్రంలో పేరు పడినంత మాత్రాన హక్కు తేలిపోదు. దున్నేవాడి సంగతి కూడా చూడాలి.

రిజిస్టర్‌ఫ్లై కథ మన దగ్గరా జరిగింది. నెట్4 ఇండియా ఒకప్పుడు దేశంలో పేరున్న రిజిస్ట్రార్. ఆ కంపెనీ దివాలా ప్రక్రియలో పడి నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ ముందుకు వెళ్ళింది. ఖాతాదార్లు పేర్లు రెన్యూ చేసుకోలేక, బదిలీ చేసుకోలేక నానా తిప్పలు పడ్డారు. 2021లో ఐకాన్ గుర్తింపు రద్దు చేసి, ఆ పేర్లని పబ్లిక్ డొమైన్ రిజిస్ట్రీ అనే ఇంకో రిజిస్ట్రార్‌కి మార్పించింది. ఏళ్ళ తరబడి ఆ పేరు మీదే ఈమెయిల్ వాడుకున్న చిన్న వ్యాపారికి ఇదంతా ఎంత నరకమో ఊహించుకోవచ్చు.

అయితే ఏం చూడాలి?

ఈ చరిత్రంతా చెప్పేది ఒక్కటే. రిజిస్ట్రార్‌ని రోజూ జరిగే పనిని బట్టి ఎంచుకోకూడదు, ఎందుకంటే రోజూ అందరూ బాగానే పనిచేస్తారు. గొడవ వచ్చిన రోజు ఏం జరుగుతుందో దాన్ని బట్టి ఎంచుకోవాలి.

మొదట చూడాల్సింది దస్త్రంలో ఎవరి పేరుంది అన్నది. సైటు చేసిపెట్టిన కుర్రాడు తన ఖాతాలోంచి తన మెయిల్‌తో నమోదు చేస్తే, ఆ పేరు కాగితం మీద అతనిదే. డబ్బు మీరిచ్చారనేది తర్వాత వాదించుకోవాల్సిన సంగతి. ఖాతాకి ఇచ్చే మెయిల్ కూడా అదే డొమైన్ మీద ఉండకూడదు. పేరు పోయిన రోజు ఆ మెయిలూ పోతుంది, పానిక్స్ ఖాతాదార్లకి పోయినట్టే.

రెండోది బయటికొచ్చే దారి. బదిలీ కోడ్ మనమే తీసుకునే వీలుందా, తాళం మనమే వేసి తీసుకోవచ్చా, రెండంచెల లాగిన్ ఉందా, అవతల మాట్లాడే మనిషి దొరుకుతాడా అని ముందే చూసుకోవాలి. కొత్తగా నమోదు చేసిన పేరుని మామూలుగా 60 రోజుల దాకా వేరే కంపెనీకి మార్చలేం. హోస్టింగ్ ఒకచోట, డొమైన్ ఇంకోచోట ఉంటే ఒకరితో గొడవైనా రెండోది చేతిలో ఉంటుంది.

మూడోది రెన్యువల్ ధర. మొదటి ఏడాది ధర ఒక్క ఏడాదికే, రెన్యువల్ ధర బతికున్నంతకాలం. గడువు దాటిన డాట్ కామ్ పేరు వెంటనే పోదు. రిజిస్ట్రార్ ఇచ్చే కొన్నాళ్ళు, ఆ తర్వాత జరిమానాతో విడిపించుకునే 30 రోజులు ఉంటాయి. అవీ దాటితే ఎవరైనా తీసుకోవచ్చు. మర్చిపోవడం చిన్నవాళ్ళకే జరుగుతుందని కూడా అనుకోనక్కర్లేదు. 1999 క్రిస్మస్ సమయంలో మైక్రోసాఫ్ట్ తన పాస్‌పోర్ట్ డాట్ కామ్ పేరుకి 35 డాలర్లు కట్టడం మర్చిపోతే, హాట్‌మెయిల్ వాడేవాళ్ళు చాలామంది లాగిన్ కాలేకపోయారు. ఎవరో బయటి ప్రోగ్రామర్ తన కార్డుతో ఆ డబ్బు కట్టాడు.

మనలాంటి చదువరులకి ఈ మూడో సంగతే అన్నిటికన్నా దగ్గరది. ఈమాట 1998లో మొదలైన దగ్గర్నుంచి తెలుగులో రాసిన మంచి కథలు, వ్యాసాలు, వాదోపవాదాలు ఎన్నో వెబ్‌లోనే ఉన్నాయి. వాటిలో చాలావాటికి అచ్చు ప్రతి లేదు. చిన్న పత్రికకి సంపాదకుడు ఒక్కడే ఉంటాడు, డొమైన్ అతని సొంత కార్డు మీద నడుస్తుంటుంది. ఉద్యోగం మారి, మెయిల్ మారి, లేదా మనిషే పోయి రెన్యువల్ ఉత్తరం ఎవరికీ చేరకపోతే, పదేళ్ళ సంచికలు ఒక్కసారిగా కనబడకుండా పోతాయి. ఇతర వ్యాసాల్లోంచి ఆ పేజీలకి ఇచ్చిన లింకులన్నీ చచ్చిపోతాయి. కొన్నాళ్ళకి ఆ పేరు మీద ఏ పేకాట యాప్ ప్రకటనో ప్రత్యక్షమవుతుంది. సాహిత్యం ఎక్కడో సర్వర్లో ఉన్నా, దాన్ని చేరే పేరు లేదు కాబట్టి లేనట్టే.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. డాట్ కామ్ పేరుని ఒకేసారి పదేళ్ళ దాకా కట్టి ఉంచుకోవచ్చు. ఖాతా వివరాలు ఇద్దరు మనుషుల దగ్గర ఉండొచ్చు. రెన్యువల్ ఉత్తరం ఇద్దరికీ వెళ్ళేలా చేయొచ్చు. ఏ పత్రికలో అయినా, ఏ రచయితల బృందంలో అయినా ఒకసారి కూర్చుని అడగాల్సిన ప్రశ్న ఇది: మన పేరు ఏ కంపెనీ దగ్గర, ఎవరి పేరు మీద, ఎప్పటివరకు ఉంది? ఇద్దరైనా జవాబు చెప్పగలిగితే కంపెనీ ఏదైనా పెద్ద తేడా లేదు. ఒక్కరికే తెలిస్తే మాత్రం ముందు ఆ పని చూడాలి.